‘లోతెంత?’ రాఘవరావు గారు

ప్రపంచంలో ఏం జరిగినా వీరరాఘవరావు గారు అడిగేది ఒక్కటే: "లోతెంత?" పంటి నొప్పి అన్నా, పక్కింట్లో దొంగలు పడ్డారన్నా, పెళ్ళి సంబంధం కుదిరిందన్నా ఆయనకు ముందు లోతు చెప్పాలి. ఆయన భార్య రాజకుమారి గారు కాపురానికి వచ్చిన కొత్తలో "భూమి కింద ఏముంటది?" అని అడిగే పొరపాటు చేశారట. ఆ జవాబు ఇంకా పూర్తి కాలేదు.

అశోక్‌నగర్‌లో వారి మేడ మీద గదిలో కిరాయికి దిగి, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే మంజులకు ఈ ప్రశ్న మొదటి రోజే తగిలింది.

"మాది నారాయణఖేడ్ దిక్కు సార్. ఇంటి మీదికి పానం గుంజుతున్నది."

"లోతెంత?"

మంజుల బిత్తరపోయింది. "చానా లోతు సార్."

"అయితే మంచిదే. పైపైన వచ్చే భూకంపాలే ఇండ్లు కూలుస్తయి. ఆరువందల కిలోమీటర్ల లోతుల వచ్చేటిది దేశదేశాలకు తెలుస్తది గని, ఒక్క గిన్నె పగలదు."

ఆయన ఉద్యోగమంతా భూకంపాల ఆఫీసులో గడిచింది. రిటైరయ్యాక మెట్ల కింద సొంతంగా ఒక మిషన్ కట్టుకున్నారు. సిమెంటు దిమ్మె, దాని మీద ఇనుప కడ్డీ, కడ్డీకి సూది, సూది కింద తిరిగే కాగితపు చుట్ట. అలాంటి లోతు భూకంపం, పెద్దది ఒక్కటి, తన చేతులతో కట్టిన ఆ మిషన్ మీద పడితే చాలునని ఆయన ఆశ. అటువంటిది పంతొమ్మిదేళ్ళ కింద బొలీవియాలో వచ్చింది, అప్పటికి మిషన్ లేదు. ఇప్పటిదాకా అది పట్టిందల్లా చిక్కడపల్లి బస్సులూ, నిమజ్జనం డప్పులూ, రాజకుమారి గారు అటక మీంచి జారవిడిచిన ఇడ్లీ పాత్రా.

"అంత లోతుల వేడికి రాయి మెత్తబడ్తది గద సార్, ఎట్ల పగుల్తది?" అని మంజుల ఒకసారి అడిగింది.

ఆయన మొహం వెలిగింది. "ఫ్రిజ్‌ల పెట్టిన ఇడ్లీ తెచ్చి వేడి సాంబారుల వేసినవనుకో. పైన మెత్తబడ్తది, నడుమ చల్లగ, గట్టిగనే ఉంటది. సముద్రం అడుగు పలక గూడ గంతే. లక్షల ఏండ్లు భూమి లోపలికి దిగుతనే ఉంటది, నడుమ చల్లదనం మాత్రం పోదు. గక్కడనే పగుల్తది. నువ్వు గూడ గంతే బిడ్డ. పట్నంల ఎన్నేండ్లున్నా నడుమ ఊరే ఉంటది."

"నా ఇడ్లీ ఎన్నడు పగల్లె," అన్నారు రాజకుమారి గారు.

మంజుల నవ్వింది గాని, పైకి పోయి అమ్మకు ఫోన్ చేసింది.

అవి కరెంటు కోతల రోజులు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, కానీ అది మిషన్‌కే అంకితం. "దానికి ఫ్యాన్ తగిలిస్తే ఆ వణుకు సూదికి ఎక్కుతది," అని ఆయన శాసనం. భార్యాభర్తలు చెరో విసనకర్ర పట్టుకుని కూర్చునేవారు. "ఆ మిషన్‌కు చెమట పోస్తదా?" అని ఆమె రోజూ అడిగేవారు.

2013 మే నెలలో మంజులకు అమ్మవారు పోసింది. గదిలో దోస్తులు ఊళ్ళకు పోయారు. తాను పోదామంటే ఇంట్లో చెల్లెలి పసిబిడ్డ ఉంది. "నువ్వొస్తే బిడ్డకు అంటుతది, జర ఓర్చుకో తల్లీ," అని అమ్మ ఫోన్లో ఏడ్చింది. అమ్మ పక్కన పడుకోవాలని మంజుల ప్రాణం కొట్టుకుంది. రాజకుమారి గారు వేపాకూ పెరుగన్నమూ గుమ్మంలో పెట్టి వెళ్ళేవారు.

ఒక పొద్దున రాఘవరావు గారు గుమ్మం బయట నిలబడ్డారు. "నీ ఫ్యాన్ ఆగుకుంట తిరుగుకుంట ఉంటే కింద నా సూది ఎగుర్తున్నది. పరేషాన్ అయితున్న. ఇంక అది ఆగొద్దు, నువ్వు బంద్ చేయొద్దు."

ఆనాటి నుంచి కరెంటు పోయినా ఫ్యాన్ ఆగలేదు. ఒళ్ళంతా మంటగా ఉన్నా మంజులకు నవ్వొచ్చింది. చివరికి తన ఫ్యాన్ కూడా ఈయన మిషన్ కోసమే తిరగాలి.

శనివారం పొద్దున పేపరు విప్పిన మంజుల దుప్పటి కప్పుకుని సగం మెట్లు దిగి వచ్చింది. నిన్న రష్యా తూర్పున సముద్రం కింద, ఆరువందల తొమ్మిది కిలోమీటర్ల లోతున, అంత లోతులో ఎన్నడూ చూడనంత పెద్ద భూకంపం వచ్చింది. మాస్కోలో కూడా భూమి ఊగిందట.

"సార్, వచ్చింది. మీది వచ్చింది. మిషన్ మీద పడ్డదా?"

ఇడ్లీ తింటున్న రాఘవరావు గారు తల అడ్డంగానో నిలువుగానో తెలియకుండా ఊపారు. మంజుల మెట్ల కిందికి వంగి చూసింది. కాగితపు చుట్ట తిరగడం లేదు. ఇన్వర్టర్ దగ్గర బయలుదేరిన వైరు కిటికీ దాటి, గోడ పట్టుకుని, మేడ మీద తన గదిలోకి ఎక్కింది.

"ఫ్యాన్ తిరిగినన్ని దినాలు మిషన్ బందే బిడ్డ," అన్నారు రాజకుమారి గారు.

ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన చుట్టం వచ్చి, తలుపుకు తాళం చూసి వెళ్ళిపోయింది. మంజులకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నాకెందుకు చెప్పలె సార్?"

"చెప్తే ఫ్యాన్ బంద్ చేద్దువు."

ఆమె ఆయన ప్రశ్నే ఆయనను అడిగింది. "బాధ లోతెంత సార్?"

ఆయన ఇడ్లీని తుంచి, నడుమ వేలు పెట్టి చూసుకున్నారు.

"ఆరువందల తొమ్మిది కిలోమీటర్లు," అన్నారు. "చూసుకో, ఇంట్ల ఒక్క గిన్నె పగల్లె."

"ఇగ మీదికి పో బిడ్డ," అన్నారు రాజకుమారి గారు సాంబారు గరిటె తీస్తూ. "ఫ్యాన్ ఉత్తగ తిరుగుతున్నది."