కవరు మీద రెండు పేర్లు

కవరు అంచున ఉండే జిగురు నాలుకకు తగిలితే ముందు కాస్త తీపి, తర్వాత చేదు. ఇప్పుడు దాన్ని ఎవరూ నాలుకతో తడపరు. అసలు కవరే అక్కర్లేని ఫోన్లు వచ్చాయి. మా అమ్మాయి పెళ్ళి శుభలేఖలు మాత్రం నా చేత్తోనే రాసి అంటిస్తానని మంకుపట్టు పట్టి కూర్చున్నాను. మొన్న ఒక కవరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. అది నా పాత స్నేహితురాలు వసంతకి. వాళ్ళాయన మతిమరుపు జబ్బుతో నర్సింగ్ హోమ్‌లో ఉన్నారు, భార్యను కూడా గుర్తుపట్టడం లేదు. "ఆంటీ నేమ్ ఒక్కటే రాసెయ్ మమ్మీ, అంకుల్‌కి ఎలాగూ తెలీదు కదా" అంది మా అమ్మాయి. నోట్లో ఆ జిగురు రుచి ఉండగానే మిసెస్ హాలిస్ గుర్తొచ్చారు.

డెబ్బైల చివర, నేను అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీలో కొత్తగా కాపురం పెట్టినప్పుడు ఆవిడ మా పక్కింట్లో ఉండేవారు. భర్త వైమానిక దళంలో కెప్టెన్. వియత్నాం యుద్ధంలో ఆయన వెళ్ళిన విమానం తిరిగి రాలేదు, ఆయన దొరకనూ లేదు. మిలటరీ లెక్కల్లో ఆచూకీ తెలియనివాడిగానే ఉంచి, వరుస వచ్చినప్పుడు ఆయనకు మేజర్‌గా ప్రమోషన్ కూడా ఇచ్చారు. చుట్టుపక్కల మిలటరీ కుటుంబాల్లో ఎవరింట పెళ్ళయినా కవర్ల మీద చిరునామాలు మిసెస్ హాలిస్ చేతిరాతతోనే వెళ్ళేవి. ఆవిడ పెద్దగా నవ్వేవారు కాదు. పొగడడం అంతకన్నా తక్కువ.

మా మరిది అక్కడి మిలటరీ ఆసుపత్రిలో డాక్టరు. అతని పెళ్ళి వర్జీనియాలోనే అని నిశ్చయమయ్యాక, పై అధికారులకు కవర్లు రాసే పని నా నెత్తిన పడింది. అందరి పేర్ల పక్కనా 'అండ్ ఫ్యామిలీ' అని రాసి ఆవిడకు చూపించాను. సకుటుంబ సపరివారంగా రమ్మనకపోతే మనకు అది పిలుపే కాదాయె!

"ఫ్యామిలీ అంటే ఎవరెవరు?" అని అడిగారావిడ.

"ఎంతమంది వస్తే అంత సంతోషమండీ."

"జనరల్ గారి కుక్క కూడానా?"

"దానికీ ఒక విస్తరి వేస్తాం" అన్నాను. ఆవిడ పెదవి చివర కొంచెం కదిలింది. కవర్లన్నీ పక్కకు నెట్టి, మళ్ళీ మొదలుపెట్టమన్నారు.

ఆ వారమంతా చీవాట్లే. కల్నల్ అనే మాటను కుదించి రాశానని, "ఆ ర్యాంకు కోసం ఆయన సగం జీవితం ఇచ్చాడు, నీకు ఇంకో నాలుగు అక్షరాలు రాయడానికి బద్ధకమా?" అన్నారు. రిటైరైన వాళ్ళకూ ర్యాంకు రాయాలన్నారు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఒకటే. "తెలియనిది ఊహించకు. ఫోన్ చేసి అడుగు. మనిషిని నీ ఊహతో పెంచకూడదు, తగ్గించకూడదు." ఇంటికొచ్చి అత్తయ్య దగ్గర విసుక్కునేదాన్ని, ఇంత చాదస్తం మన పురోహితులకు కూడా ఉండదని.

పెళ్ళి కోసం తెనాలి నుంచి వచ్చిన అత్తయ్యకు ఆవిడ కథంతా నేనే చెప్పాను. ఆ వసంతకాలంలోనే యూనిఫాం వేసుకున్న మనుషులిద్దరు ఆవిడ ఇంటికి వచ్చి, మేజర్ హాలిస్‌ను ఇక చనిపోయినట్టు లెక్కలోకి తీసుకున్నామని చెప్పి వెళ్ళారు. ఆ తర్వాత ఆవిడకు వచ్చే ఉత్తరాల మీద భర్త ర్యాంకు మాయమైంది. ఉత్త 'మిసెస్' మిగిలింది.

మా కవర్లు పూర్తయి ఒక్కటే మిగిలింది. ఆవిడనే అడిగాను.

"మీది ఎలా రాయమంటారు?"

ఆవిడ పెన్ను మూత పెట్టారు. "అందరూ వాళ్ళే నిర్ణయించేసుకున్నారు. ఒక్కళ్ళూ ఫోన్ చెయ్యలేదు" అన్నారు. తర్వాత మామూలు గొంతుతో, "మేజర్ అండ్ మిసెస్ రాబర్ట్ హాలిస్. ఏదీ కుదించకు" అన్నారు.

అలాగే రాశాను. ఇంట్లో అత్తయ్య ఆ కవరు చూసి గుండెలు బాదుకున్నంత పని చేసింది. "అదేంటమ్మా! పోయినాయన పేరు శుభలేఖ మీద రాస్తావా? శుభమా అని పెళ్ళి పెట్టుకుని!"

"పోయారని ఎవరు చూశారు అత్తయ్యా?"

"ఆ గవర్నమెంటు వాళ్ళే చెప్పారంటివిగా. నా కొడుకు పెళ్ళి, నీకేం పోయింది!"

నాకూ భయం వేయకపోలేదు. కానీ కవరు మార్చలేదు. వెళ్ళి ఆవిడ పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

కొద్దిరోజులకు జవాబు వచ్చింది. ఇద్దరిలో ఒకరే రాగలిగినప్పుడు రాసే పద్ధతి ప్రకారం, ఆ అందమైన దస్తూరీతో. అత్తయ్య చదవమంటే తెలుగులో చెప్పాను. "మిసెస్ హాలిస్ మీ ఆహ్వానాన్ని సంతోషంగా అంగీకరిస్తున్నారు. మేజర్ హాలిస్ డ్యూటీ మీద దూరంగా ఉన్నందువల్ల రాలేకపోతున్నందుకు చింతిస్తున్నారు."

అత్తయ్య మళ్ళీ చదవమంది. చదివాను. ఆవిడ లేచి చీర కొంగు సర్దుకుంది.

"ఆ కుంకుమ భరిణె ఇలా తే. పక్కింటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలిచొద్దాం."

"అదేంటత్తయ్యా, మీరే కదా..."

"డ్యూటీలో ఉన్నాడని రాసిందిగా! ఆవిడ మొగుడు సంగతి ఆవిడకి తెలీదూ?"

మిసెస్ హాలిస్ గుమ్మంలో నిలబడి నుదురు కొంచెం వంచారు. ఆ బొట్టుకు అర్థమేమిటో ఆవిడ నన్ను అడిగారు, నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పెళ్ళిలో సాయంత్రం దాకా ఆ బొట్టు చెరగకుండా చూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

మొన్న పెన్ను కింద పెట్టి వసంతకు ఫోన్ చేశాను. మా అమ్మాయి ఎదురుగానే ఉంది.

"శుభలేఖ మీద మీ పేర్లు ఎలా రాయమంటావే?" అని అడిగాను.

"ఇద్దరివీ రాయవే" అంది వసంత. ఫోన్ పెట్టెయ్యకుండానే రెండు పేర్లూ పూర్తిగా రాశాను.