కొంగుకు కట్టిన కాలు

కర్నూలు రాజధానిగా ఉన్నప్పటి మాట. మొగుడు పోయినదాన్ని, నా కూతుర్ని తీసుకొని కడప రైల్లో పోతాంటి. అది గడియసేపు కుదురుగా కూసోదు. బయటికి దూకుతాదని దాని కాలు నా కొంగుకు కట్టేస్తి. ఇంటికి పోతానే గుంజకే కట్టేయల్లనుకుంటి.

ఎదురుగా ఎవరో పెద్దాయప్ప, మోకాలు ఊపుతానే ఉండాడు.

"ఏమప్పా, నీకూ కట్టల్లా?" అంటి.

ఆయప్ప నవ్వి చీలమండ చూపించె. తాడు ఒరుసుకున్న మచ్చ ఉండె. "మా యమ్మ కట్టేసేది తల్లీ. కాలు నిలబడె గానీ, లోపలి ఉరుకు ఈ పొద్దుకీ నిలబడలే."

సంచిలోని శెనక్కాయలు బిడ్డ ఒళ్లో పోసి, "అందరికీ పంచిరా పో" అనె. నేను ముడి విప్పితి. అది పెట్టెంతా తిరిగి పంచె.

ఇప్పుడది పిల్లల తల్లి. నిలబడే తింటాది. "చిన్నప్పుడే కట్టేసి కూసోబెట్టింటే బాగుండు అత్తా" అంటాడు అల్లుడు.

"దాని చీలమండ చూడప్పా, యాడన్నా మచ్చ ఉండాదా?" అంటా.