ఎండిన చెరువుకు పడవ ఇంజన్

పొద్దున ఇంజన్ విప్పగానే పాత పెట్రోలు వాసన కొట్టింది. మన ఊరోళ్లందర్నీ గుత్తి చెరువు దాటించిన మా నాయన పడవ గుర్తుందా? చెరువు ఎండినా, ఏటా ఆయుధపూజకు నాయన కార్బరేటర్ కడిగి, ఇంజన్‌ను రెక్కల వైపు నుంచి నీళ్ల డ్రమ్ములో దించి నడిపేవాడు.

ఒక ఏడాది రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు నవ్వారు.

"చెరువులో చుక్క లేదు, ఇంజన్ యాటికప్పా?"

నాయన తలెత్తకుండా కార్బరేటర్‌లోని సన్న రంధ్రపు జెట్టును ఊది శుభ్రం చేస్తున్నాడు. అమ్మ మాత్రం ట్యాంకర్ దగ్గర పట్టుకొచ్చిన తాగే నీళ్లను ఆ డ్రమ్ములో కుమ్మరిస్తూ అంది.

"నీళ్లొచ్చిన పొద్దు మీరంతా ఈ పడవే ఎక్కల్ల. అప్పుడు నవ్వండి."

నాయన తాడు లాగాడు, ఇంజన్ అందుకుంది.

ఈ ఏడు ఆయుధపూజకూ చెరువు ఎండే ఉంది. అరిగిన కార్బరేటర్ తీసి కొత్తది బిగించాను. డ్రమ్ము నింపాను. మీలో ఎవరికైనా నవ్వొస్తే, వచ్చి ఇంజన్ ఎదురుగా నిలబడి నవ్వండి.