మా ఆయన రాసిన ఊళ్ళు

మా ఆయన పేరు భీమశంకరం. పేరులో భీముడూ ఉన్నాడు, శంకరుడూ ఉన్నాడు. ధైర్యం మాత్రం ఇద్దరూ తమ దగ్గరే ఉంచుకున్నారు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధిలో ఎవరింట్లో పొగ అలారం కూసినా ముందు బయటికొచ్చి నిలబడేది ఈయనే. కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాస్తారు. బ్రేకు పడకపోతే ఏమవుతుందని రోజంతా ఆలోచించడమే ఉద్యోగం, ఇంటికొచ్చాక కూడా ఆ ఆలోచన మానరు.

ఈ భయం వల్లే ఆఫీసులో ఆయనకో పేరొచ్చింది. బ్రేకుల ఇంజనీర్ల సదస్సు ఏటా యూరప్‌లో ఏదో ఒక పాత నగరంలో జరుగుతుంది. వెళ్ళేవాళ్ళకి మా ఆయన ఒక కాగితం తయారుచేసి ఇస్తారు. ఎయిర్‌పోర్ట్‌లో ఏ తలుపులోంచి బయటికి రావాలి, ఏ బస్సెక్కాలి, ఏ వీధిలో రాళ్ళు పరిచి ఉంటాయి, అక్కడికి ఏ చెప్పులు పనికిరావు, ప్లగ్గుకి ఎన్ని పిన్నులు, హోటల్లో మంచినీళ్ళు అడిగితే బిల్లు వేస్తారా, జేబుదొంగలు ఎక్కడ ఉంటారు, అంబులెన్స్‌కి ఏ నంబరు. తప్పిపోతే ఏం చేయాలో ఎర్రక్షరాల్లో. ఒక్కో ఊరికీ ఎనిమిదీ పది పేజీలు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి, కృతజ్ఞతగా ఒక ఫ్రిజ్ మాగ్నెట్ తెచ్చిస్తారు. లిస్బన్, వియన్నా, క్రాకోవ్, గెంట్. మా ఫ్రిజ్ తలుపు నిండిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు "అబ్బో, ఎన్ని దేశాలు తిరిగారండీ!" అంటారు. ఈయన ఒక నవ్వు నవ్వి ఊరుకుంటారు.

ఒక్క ఊరూ చూడలేదు. హైదరాబాదు వెళ్ళొచ్చి తొమ్మిదేళ్ళైంది, ఆ తర్వాత ఈ దేశం గడప దాటలేదు. మాది ఉద్యోగ వీసా. ఇక్కడ ఉండడానికి కాగితం ఉంది, కానీ పాస్‌పోర్ట్‌లో వీసా ముద్ర గడువు ఎప్పుడో తీరిపోయింది. లోపల ఉన్నంతకాలం ఫరవాలేదు. దాటితే మాత్రం, తిరిగి రావడానికి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి నిలబడి కొత్త ముద్ర వేయించుకోవాలి. పక్క ఊరు నోవైలో ఉండే రవికుమార్ గారు పదిరోజుల పనికని వెళ్ళి, ఆ ముద్ర కోసం ఐదు నెలలు హైదరాబాదులో ఉండిపోయారు. కొడుకు గ్రాడ్యుయేషన్ ఫోన్లో చూశారు. ఆ కబురు విన్నప్పటి నుంచీ మా ఆయనది ఒకటే పాట: "అడుసు తొక్కనేల, కాలు కడగనేల."

ఈ ఏడు సదస్సు ప్రాగ్‌లో. మా ఆయన బ్రేకుల మీద రాసిన పరిశోధన పేపర్ ఎంపికైంది. రాసినవాడే వెళ్ళి చదవాలని మేనేజర్ పట్టుబట్టాడు. ఈయన నెలరోజులు నానుస్తూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పధ్నాలుగేళ్ళుగా ఊళ్ళన్నీ కాగితం మీద తిరిగే మనిషికి ఒక ఊరు నడిచొచ్చి తలుపు కొడితే, గొళ్ళెం పెట్టుకుంటాడా?

ఆఫీసులో ఈయనతో పనిచేసే ఫణి ఇంట్లో ఒక ఆదివారం అందరం భోజనాలకు చేరాం. వడ్డిస్తూ వడ్డిస్తూ అనేశాను: "మా ఆయనలో బ్రేకులే గానీ యాక్సిలరేటర్ పెట్టడం దేవుడు మర్చిపోయాడండీ!"

అందరూ పడీపడీ నవ్వారు. మా అమ్మాయి అవని, పదిహేనేళ్ళది, అదీ నవ్వింది. ఈయన కంచంలోంచి తలెత్తలేదు. పెరుగన్నం కలుపుకుంటూ, "సరే, వెళ్తాను," అన్నారు.

గెలిచానని మురిసిపోయాను. టికెట్ బుక్ చేశారు. ప్రాగ్ నుంచి హైదరాబాదు వెళ్ళి, అక్కడ ముద్ర వేయించుకుని రావాలని ఇంటర్వ్యూకి తేదీ తీసుకున్నారు. ఎవరు ఫోన్ చేసినా ఈ సంగతి ముందు చెప్పేదాన్ని.

మార్చి నెల, శనివారం పొద్దున. ఈయన జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళారు. బేస్‌మెంట్‌లో ప్రింటర్ దగ్గర కాగితాల కట్ట కనిపించింది. ప్రాగ్ కాగితం కాబోలు, ఈసారి ఎన్ని జేబుదొంగతనాలు కనిపెట్టారో చూద్దామని తీశాను.

ప్రాగ్‌కి ఉన్నది ఒక్క పేజీ. హోటల్ పేరు, బస్సు నంబరు. ట్రామ్ టికెట్ కొంటే చాలదు, ఎక్కగానే మెషీన్‌లో పెట్టి టైమ్ కొట్టించుకోవాలి. వీధిలో డబ్బు మార్చకూడదు. అంతే.

తర్వాతి పేజీ మీద పెద్దక్షరాల్లో "ఫార్మింగ్టన్ హిల్స్" అని ఉంది. కింద "విజయశ్రీ కోసం" అని.

పదకొండు పేజీలు. ఎప్పుడూ రాసే పద్ధతిలోనే రాశారు. వర్షం పడితే బేస్‌మెంట్‌లో నీళ్ళు తోడే మోటార్ చప్పుడు వినిపించాలి, వినిపించకపోతే ఎవరిని పిలవాలి. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కి ఫిల్టర్ ఏ సైజు. మంచు పడ్డప్పుడు అవని ఏ స్టాప్‌లో బస్సెక్కాలి, పక్కింట్లో ఎవరికి ఇంటి తాళం ఇచ్చి ఉంచాం. ఆస్పత్రికి దారి: "పన్నెండో మైల్ రోడ్ మీదే ఉండు, ఫ్రీవే ఎక్కకు. పెద్దరోడ్డు దగ్గర ఎడమకి తిరగనివ్వరు. దాటి ముందుకెళ్ళి, రోడ్డు మధ్య డివైడర్ సందులోంచి యూ-టర్న్ తీసుకుని వెనక్కి రావాలి. తొందరపడకు. వెనకవాళ్ళు హారన్ కొడితే కొట్టనీ."

చివరి రెండు పేజీలు ఎర్రక్షరాలు. "నేను తిరిగి రావడం ఆలస్యమైతే." లాయర్ నంబరు. "నీ వీసా నా ఉద్యోగాన్ని పట్టుకుని ఉంది. ఆఫీసువాళ్ళు ఉద్యోగం లేదంటే అరవై రోజుల్లో దేశం వదలాలన్న లెక్క ఆ రోజు నుంచే మొదలు. అవని ఈ దేశంలో పుట్టిన పౌరురాలు, దానికి భయం లేదు. స్కూల్ ఏడాది అయ్యేదాకా ఇల్లు ఖాళీ చేయకు. ఫణి చూసుకుంటాడు, మాట్లాడాను."

ఆయన పిరికితనం మీద ఇన్నేళ్ళు జోకులు వేశానే, ఆ మనిషి కూర్చుని, అన్నీ ఆలోచించి, భయపడాల్సినవన్నీ వరసగా రాసి, అయినా వెళ్ళడానికి సిద్ధమయ్యారు. నాకేమో చదవడానికే ధైర్యం చాలడం లేదు. పధ్నాలుగేళ్ళుగా ఉంటున్న ఊరికి నేను కొత్తగా దిగినదాన్నని ఆ కాగితాలు చెప్తున్నాయి. నిజమే. నేను డ్రైవ్ చేసేది రెండే దార్లు, ఒకటి స్కూలుకి, ఒకటి ఇండియన్ స్టోర్‌కి.

రోషమొచ్చింది. ఇదంతా పెద్ద విద్యా అనుకుని, ఆస్పత్రి దారి రాసిన నాలుగో పేజీ పక్కసీట్లో పెట్టుకుని కారు తీశాను. ఆస్పత్రి దాకా ఒక్కదాన్నే వెళ్ళొస్తే నా మీద నాకు నమ్మకం కుదురుతుంది కదా. బయట సగం వాన, సగం మంచు. పన్నెండో మైల్ రోడ్ మీద బాగానే వెళ్ళాను. పెద్దరోడ్డు దాటాను. మధ్యలో సందులోకి తిరిగాను, ఆగాను. ఎదురుగా మూడు వరసల్లో కార్లు ఆగకుండా వస్తున్నాయి. వైపర్లు ఎంత తుడిచినా అద్దం మీద బురదే. వెనక ఒక పెద్ద ట్రక్కు వచ్చి ఆగింది. హారన్ కొట్టాడు. కొట్టనీ అని రాశారు కదా, కొట్టనిచ్చాను. మళ్ళీ కొట్టాడు. ఏది బ్రేకో ఏది యాక్సిలరేటరో కాలికి తెలియడం మానేసింది. అవనికి నిజంగా ఒంట్లో బాగోలేక వెనక సీట్లో పడుకుని ఉంటే? ఈయన ఎక్కడో హైదరాబాదులో ముద్ర కోసం నిలబడి ఉంటే? ఈ సందులో నేనిలాగే కూర్చుంటానా? కళ్ళనీళ్ళొచ్చి రోడ్డు పూర్తిగా పోయింది. ట్రక్కువాడు దిగొచ్చి, అద్దం మీద తట్టి, మంచిగానే ఏదో అడిగాడు. నేను రోడ్డువైపు వేలు చూపించాను. వాడే రోడ్డు మీదికెళ్ళి చేతులు చాపి కార్లను ఆపాడు. నేను తిరిగి ఇంటికొచ్చేశాను. ఆస్పత్రి చూడనేలేదు.

ఈయన అప్పటికే వచ్చి ఉన్నారు. గ్యారేజ్‌లో నా కారు చూసి, నన్ను చూసి, నా చేతిలో నలిగిన కాగితం చూశారు.

"ఏమండీ, వెళ్ళకండి," అన్నాను. "నావల్ల కాదు. నాకు భయంగా ఉంది. మీరు రాకపోతే నేను ఇక్కడ బతకలేను."

ఎక్కిరిస్తారేమో అనుకున్నాను. ఎక్కిరించే హక్కు ఉంది కూడా. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని, మడతలు సాపు చేసి, "సరేలే విజ్జీ. ఇక్కడ చలిగా ఉంది, ముందు లోపలికి పద," అన్నారు.

సోమవారం మేనేజర్‌కి చెప్పేశారు. ఫణికి గ్రీన్‌కార్డ్ ఉంది, ముద్ర గొడవ లేదు, ఈయన బదులు వాణ్ణి పంపారు. ప్రాగ్ కాగితం ఆ ఒక్క పేజీ కాస్తా పది పేజీలైంది. రెండు వారాలు కూర్చుని రాశారు.

మే నెలలో ఫణి తిరిగొచ్చి, వంతెన బొమ్మ ఉన్న మాగ్నెట్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆదివారం కదా, ఇంకో రెండు కుటుంబాలు కూడా ఉన్నాయి.

"అన్నా, నీ కాయితం పట్టుకొని పోయిన. ఒక్క తాన గూడ తప్పిపోలె. నా ముంగట ఒకాయన టికెట్ కొట్టించకుంట దొరికిపోయిండు, నేను హాయిగ కూసున్న!" అన్నాడు ఫణి. ఆ తర్వాత అందరివైపు తిరిగాడు. "గింత తెలిసిన మనిషి పోకపాయె. వదిన ఆనాడే చెప్పింది, అన్నకి బ్రేకులే ఉన్నయని. లాస్ట్ మినిట్ల కరెక్ట్‌గ ఏసిండు బ్రేక్!"

అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వారు. "అవునయ్యా, నాకు భయమేసింది. ఏం చేయను, పుట్టుకతో వచ్చింది," అన్నారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి కొంగు మీదికి పోయింది. అవని వాళ్ళ నాన్న పక్కన చేరి, "నాన్నా, ఇట్స్ ఓకే. నెక్స్ట్ టైమ్ నేను వస్తా నీతో. నువ్వు స్కేర్డ్ అవ్వద్దు," అంది. ఆయన దాని తల నిమిరి, "అలాగే అమ్మా," అన్నారు. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు.

భయపడింది నేనని ఒక్కమాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. ఇంతమందిలో అనడానికి భయమేసింది. కాఫీ తెస్తానని వంటింట్లోకి పారిపోయాను.

కప్పులు ట్రేలో సర్దుతుంటే ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. వెనకనుంచి ఈయన వచ్చారు. ముందుగదిలోకి వినపడకుండా, "ఒలికిపోతాయి విజ్జీ, నేను పట్టుకెళ్తాను," అని ట్రే నా చేతుల్లోంచి తీసుకున్నారు.