యాదన్న కట్టిన ఎర్ర బకెట్

నిన్న సోమవారం పొద్దున్నే వదిన ఫోన్. "తమ్మీ, మీ యాదన్న పోయిండు."

నాకు బుర్రకెక్కలేదు. "ఏ దవాఖానల ఉన్నరు వదినా? వస్తున్న" అన్నాను.

"ఇంటికే తీస్కొచ్చినం" అంది.

హార్ట్ ఎటాక్. యాభై ఒక్క ఏళ్లకే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. యాదన్న మర్చంట్ నేవీలో కుక్. తనది ఉప్పల్, నాది నాచారం. పరిచయమైంది మాత్రం ఎక్కడో పరాయి దేశపు సముద్రంలో. కంపెనీ చేతులెత్తేసి, మా మూడు షిప్పులనీ అక్కడే లంగరు మీద వదిలేసింది. ఏడు నెలలు. ఒడ్డుకి దిగడానికి పర్మిషన్ లేదు.

మా షిప్పులో బియ్యం ఉండేవి, గ్యాస్ లేదు. యాదన్న షిప్పులో గ్యాస్ ఉండేది, బియ్యం లేవు. మూడోదాంట్లో ఉల్లిగడ్డలూ ఆకలిగా ఉన్న మనుషులూ.

రేడియోలో పిలుచుకుంటే పోర్టు వాళ్లు విని తిడతారు. అందుకే ముందువారం ఇచ్చిన మా బియ్యంతో ఆదివారం వంట కాగానే యాదన్న రెయిలింగ్‌కి ఎర్ర బకెట్ కట్టేవాడు. అది కనబడితే చాలు, లైఫ్‌బోట్ డ్రిల్ అని చెప్పి బోటు దించుకుని వెళ్లిపోయేవాళ్లం.

అన్నం, పచ్చిపులుసు, క్యారమ్స్. ఆ ఆదివారాల వల్లే మాకు పిచ్చెక్కలేదు.

ఒకసారి ఇంటి మీద బెంగతో నేను వెళ్లలేదు. సాయంత్రానికి తనే చిన్న బోటేసుకుని టిఫిన్ డబ్బాతో వచ్చాడు. తాళ్ల నిచ్చెన కిందినుంచి ఒకటే అరుపు.

"బకెట్ కనవడలేదా బే? కండ్లు దొబ్బినయా? నువ్ రాకుంటే నాకు ముద్ద దిగుతదా?"

ఇంటికొచ్చి మూడేళ్లు. నాచారం నుంచి ఉప్పల్‌కి బైక్ మీద పది నిమిషాలు.

ఇక్కడ కూడా ఆదివారం మధ్యాహ్నం యాదన్న బాల్కనీకి ఆ బకెట్ కట్టేవాడు. నాకు తెలుసు. బోడుప్పల్‌లో మా అత్తగారింటికి వెళ్తూ చూసేవాణ్ని. నవ్వుకుని, హారన్ కొట్టి పోయేవాణ్ని. పాత రోజులు గుర్తుచేసి ఆటపట్టిస్తున్నాడనుకున్నాను.

మొన్న ఆదివారం కూడా హారన్ కొట్టాను.

నిన్న వదిన చెప్పింది. "నువ్ హారన్ కొడ్తే బండి ఆపుతున్నవనుకొని ఇంకో కంచం పెట్టుమనేటోడు తమ్మీ. నువ్ రావని ఎన్నిసార్లు జెప్పినా ఇనలే."

మన షిప్పుల వాట్సాప్ గ్రూపులో నిన్నటి నుంచి దండం పెట్టే బొమ్మలే. అందరూ ఆ చేతి అన్నం తిన్నవాళ్లే. ఒక్కడైనా యాదన్న ఇంటి మెట్లెక్కాడా? నేనే ఎక్కలేదు, మిమ్మల్ని అనే మొహం నాకెక్కడిది? అయినా అంటున్నాను. సిగ్గుండాలి మనకి.

నిన్న ఎక్కాను యాదన్నా, రెండంతస్తులు. బకెట్ ఇంకా విప్పలేదు.

వెళ్లిరా యాదన్నా. నీకు శాంతి దొరకాలి.

నాకు అక్కర్లేదు.