కత్తిపీట దగ్గర మడతపడని మోకాలు

ముంగర పెద్దింటమ్మను నేను మొదటిసారి చూసినది 1999లో, ఏలూరు చేపల బజారులో. కొరమేను తాజాదేనా అని రెండుసార్లు అడిగాను. ఆమె తలెత్తలేదు.

“నేనైతే అబద్ధమాడొచ్చండి. మొప్పలు మీరే ఎత్తి చూసుకోండి,” అంది.

మండవల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చి, ఎడమ కాలు మడిచి నేలమీద వేసి, కుడి పాదంతో కత్తిపీటను అదిమిపట్టి కూర్చునేది. కుడి మోకాలు గడ్డాన్ని తాకేది. ముప్పై ఏళ్లు అలాగే కూర్చుని కోసింది.

2006లో ఆ కుడి మోకాలు పూర్తిగా అరిగిపోయింది. ఏలూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లోహపు కీలు అమర్చారు. నొప్పి పోయింది, నడక తిన్నబడింది. డాక్టరుగారు ఆమె ఎక్స్‌రేను తక్కిన రోగులకు చూపించి మురిసేవారు.

ఆరో నెలలో ఆసుపత్రివారు ఒక సంతృప్తి పత్రం ఇచ్చారు. ఆమెకు చదువు రాదు గనుక, బడిలో పాఠాలు చెప్పేదాన్నని నా దగ్గరకు తెచ్చింది; నేనే చదివి, టిక్కులు పెట్టాను. నొప్పి తగ్గిందా? మెట్లెక్కగలరా? కారెక్కి దిగగలరా?

“మా ఇంటి ముందు పడవుందండీ, అది ఎక్కుతానని రాయండి,” అని నవ్వింది.

పదింటికి తొమ్మిది వచ్చాయి. ‘సంపూర్ణ సంతృప్తి’ అన్న గడిలో నా చేతితోనే టిక్కు పెట్టాను. ఆ టిక్కును తలచుకుంటే నాకు ఇప్పటికీ నామీదే కోపం వస్తుంది.

మరుసటి వారం బజారుకు వెళితే, మళ్లీ పనిలోకి వచ్చిన ఆమె ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. కత్తిపీట ఎక్కడో కింద ఉంది. వంగి కోయబోతే చేప జారి, కత్తి బొటనవేలికి తగిలింది.

“సింహాసనం బావుందే, మహారాణీ!” అని పక్క గంపామె వేళాకోళమాడింది.

“పీటను బల్లమీద పెట్టుకోరాదా?” అన్నాను.

“తొక్కిపట్టడానికి అక్కడ కాలెలా అందుతుందండీ?”

బజారులో చోట్లు కేటాయించే జోగారావు నిష్ఠూరంగానే చెప్పాడు. “కోసివ్వని గంప దగ్గర ఎవరాగుతారండీ? ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆనక చోటు కోసం అడుగుతున్న భానుకిచ్చేస్తాను.”

మర్నాడే ఆమెను వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్లాను.

“లంబకోణానికి కాస్త మించి మడత వస్తోందండీ. చాలా మంచి ఫలితం,” అన్నారాయన.

“ఇంతకంటే ఎక్కువ మడిచే కీళ్లు లేవా?”

“ఉన్నాయండీ. వాటితోనూ అందరికీ అంత మడత వస్తుందని చెప్పలేం. అసలు కింద కూర్చోవద్దనే చెబుతాం. ఆవిడ చేపలు కోస్తారని మాకెవరూ చెప్పలేదు.”

“మీరడిగారా?”

ఆయన కంప్యూటరు వైపు తిరిగారు. “సంపూర్ణ సంతృప్తి అని మీరే రాశారు కదండీ!”

నేల ఎరుగని వాళ్లెవరో ప్రశ్నలు తయారుచేస్తే, నేల మీదే బతికే మనిషికి నేను మార్కులు వేశాను! ఏ కీలు అమర్చాలో నిర్ణయించే ముందు, ఆమె ఎలా కూర్చుంటుందో ఒక్కసారి చూడడానికి ఆసుపత్రిలో ఎవరికీ తీరిక లేకపోయింది. కనీసం కింద కూర్చోవడం ఇక కుదరదని ముందే చెప్పినా, ఒప్పుకోవాలో వద్దో ఆమె తేల్చుకునేది.

నెలాఖరున చోటు భానుకు వెళ్లిపోయింది. బజారులోని గంప తీసుకుపోవడానికి వచ్చిన రోజున పెద్దింటమ్మ మా ఇంటి అరుగు దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఆ కాయితం ఇంకోటి తెప్పించండి, టీచరుగారూ. పీట ముందు కూర్చోగలవా అని ఒక ప్రశ్న మీరే రాయండి. రాసి, లేదని టిక్కు పెట్టండి.”