అత్తయ్యగారి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఉద్యోగమంటే మెడలో ఐడీ కార్డు వేలాడాలి, అది లేనివాళ్లంతా ఖాళీగా ఉన్నట్టే అన్నది ఒకటి. నేను చేసిన ఉప్మా బాగుంటుందన్నది రెండోది. ఈ రెండు నమ్మకాలూ ఒకే మధ్యాహ్నం, ఒకే తెల్లకాగితం మీద, మా అత్తయ్యగారి నోటిమాటకే కూలిపోయాయి.

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచిన ఏడాదే నేను గుంటూరు నుంచి వచ్చి చెకిన్ కౌంటర్లో చేరాను. మా ఆయన కార్గోలో పనిచేసేవారు. సొంతూరు శంషాబాదే. పరిచయం పెళ్లిదాకా వెళ్లింది కానీ, పెళ్లి ఫొటోలు ఆల్బంలోకి ఎక్కకముందే మా కంపెనీ సగంమందిని ఇంటికి పంపేసింది. ఆ సగంలో నేనున్నాను. తర్వాత పద్నాలుగు నెలలు నాకు మళ్లీ ఉద్యోగం దొరకలేదు. మా అత్తయ్యగారికి అప్పటికే సర్వీసు రోడ్డు పక్కన, క్యాబులు వరసగా ఆగేచోట టిఫిన్ బండి ఉండేది. "ఇంట్ల కూసొని గోడలు చూస్తే నౌకరి వస్తదా? రా, జర చట్నీ సంగతి చూడు" అన్నారు. వెళ్లాను. నేను మా గుంటూరు అలవాటు కొద్దీ "అత్తయ్యగారూ, ఇంకో రెండు ప్లేట్లు పూరీ అండీ" అని కేకేస్తుంటే డ్రైవర్లు నవ్వీ నవ్వీ, చివరికి వాళ్లూ ఆవిణ్ణి అలాగే పిలవడం మొదలుపెట్టారు. (జల్‌పల్లి నుంచి వచ్చే డ్రైవర్ భాయ్ ఒకసారి ఫోన్లో "అత్తయ్యగారి కాడ తింటున్న" అన్నందుకు వాళ్లావిడ నిలదీసిందట, మా అమ్మ ఇక్కడే ఉంటే అక్కడ ఇంకో అత్తయ్య ఎవరని.)

ఆ తర్వాత ఇంకో సంస్థ కౌంటర్లో నాకు మళ్లీ ఉద్యోగం వచ్చింది. మరో రెండేళ్లకు కెనడా పర్మనెంట్ రెసిడెన్సీకి దరఖాస్తు పెట్టాం. రోజూ వందలమందికి బోర్డింగ్ పాసులిచ్చే నేను అప్పటికి ఒక్కసారీ విమానం ఎక్కలేదు. లోకంలోని పెట్టెలన్నీ ఎక్కించే మా ఆయనా ఎక్కలేదు. ఈసారి ఎక్కి తీరాలని ఇద్దరం పంతం పట్టాం. ఆ ఫారాల్లో గడిచిన పదేళ్లలో ఒక్క నెల కూడా వదలకుండా ఎక్కడ ఏం చేశారో రాయాలి, భార్యది భార్య, భర్తది భర్త. నా ఫారంలో ఆ పద్నాలుగు నెలలకూ 'ఉద్యోగం లేదు, ఖాళీ' అని రాశాను. మా ఆయన తన ఫారంలో భార్య వివరాలు అడిగినచోట, అవే పద్నాలుగు నెలలకు, 'ఆహార వ్యాపారంలో సూపర్‌వైజర్' అని రాశారు. ఒకరి ఫారం ఒకరం చూసుకోలేదు. (ఆలుమగల మధ్య దాపరికం ఉండకూడదంటారు. మాది దాపరికం కాదు, బద్ధకం.)

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. రెండు ఫారాలకూ పొంతన లేదు, ఏది నిజమో ఆధారాలతో గడువులోగా తెలపండి, లేదంటే తప్పుడు సమాచారం కింద దరఖాస్తు తోసిపుచ్చుతాం అని. అబద్ధాలకోరులని ముద్ర పడితే మళ్లీ ఆ గుమ్మం తొక్కనివ్వరు.

"సూపర్‌వైజర్ అని మిమ్మల్నెవరు రాయమన్నారండీ?" అని ఏడుపు గొంతుతో అరిచాను.

"మరి నువ్వు ఖాళీ అని ఎట్ల రాసినవ్? చెయ్యి కాల్చుకున్న మచ్చ ఇంకా పోలే నీకు!"

కొత్తిమీర తుంచుతున్న అత్తయ్యగారు తలెత్తారు. కొడుకు రాసిన అబద్ధం ఆవిడకు పట్టలేదు. నేను నిజమనుకుని రాసిందే గుచ్చుకుంది. "ఖాళీ ఉన్ననని రాసినవా బిడ్డా? నా బండి కాడ? మరి గా పిండంత ఎవరు రుబ్బిండ్రు, దయ్యమా? గంతమంది కడుపు నింపితే అది పని కాదా నీకు?"

సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. ఐడీ కార్డు ఇవ్వలేదు కాబట్టి ఆవిడ బండిని నేను లెక్కలోకే తీసుకోలేదు.

మా ఆయన ఇంటర్నెట్‌లోంచి ఒక నమూనా ఉత్తరం తెచ్చారు. సంస్థ పేరు, చేసిన పనులు, పనితీరు, మానేసిన కారణం, అన్నీ వరసగా ఉన్నాయి. "ఏదో ఒక ఫుడ్స్ అని పేరు పెట్టి లెటర్‌హెడ్ కొట్టిస్తా" అన్నారు. వీల్లేదన్నాను. ఒక అబద్ధంతోనే ఇంతదూరం వచ్చింది. పోతే దరఖాస్తు పోతుంది, ఈసారి ఉన్నది ఉన్నట్టే వెళ్లాలి. తెల్లకాగితం చాలు. యజమాని చెబుతారు, కొడుకు రాస్తాడు, తర్వాత ఇంగ్లీషు చేయించి నోటరీ పెట్టిద్దాం.

అత్తయ్యగారు చీర కొంగుతో చేతులు తుడుచుకుని పీట మీద కూర్చున్నారు. "రాయి. అయిదు గొట్టంగ వచ్చేది. చట్నీ చేసేది, పూరీలు ఒత్తేది, ప్లేట్లు గిట్ల అందిచ్చేది. ఎవ్వరినీ కసురుకోలే."

"సూపర్‌వైజర్ అని రాయనా అమ్మా?"

"ఎవరి మీద? నా మీదనా?"

మా ఆయన ఆ మాట వదిలేశారు. "పనితీరు ఎట్లుండె?"

"చట్నీ మంచిగ చేసేది. ఉప్మా బాగుండకపోతుండె. ఒకరోజు ఉప్పు మరుస్తది, ఒకరోజు రెండుసార్లు ఏస్తది."

"అమ్మా! ఇది ఆఫీసుకు పోయే కాగితం!"

"అందుకే నిజం చెప్తున్న. సంతకం నాది."

(నేను చేసిన ఉప్మాని డ్రైవర్లు రెండోసారి ఎందుకు అడగరో, మంఖాల్ వైపు పోవాల్సిన అర్జంటు పని అందరికీ ఒకేసారి ఎందుకు పడుతుందో నాకు ఆ రోజే తెలిసింది.)

"ఇగ, పని ఎందుకు మానేసింది?"

"ఆమె మానలే. నేనే ఎల్లగొట్టిన. కౌంటర్ల నౌకరి వచ్చినంక, ఇక్కడనే మంచిగుంది పోనంటే, చేతుల గరిటె గుంజుకొని పంపిన. గింత సదువు సదివిన పిల్లను పొయ్యి కాడ ఆపుకుంటనా?"

ఆ గరిటె సంగతి నేను మరిచేపోయాను. కౌంటర్లో మళ్లీ నవ్వుతూ నిలబడలేనేమోనని భయపడి ఆ రోజు బండి వెనక దాక్కున్నది నేనే.

"చివరి ప్రశ్న, అమ్మా. అవసరమైతే మళ్లీ పనిలోకి తీసుకుంటవా?"

"తీసుకుంట. ఏ దేశంకెల్లి వచ్చినా తీసుకుంట. ఉప్మా కాడికి మాత్రం రానియ్య. గది కూడ రాయి."

రాశారు. జల్‌పల్లి భాయ్ సాక్షి సంతకం పెట్టాడు, ఉప్మా వాక్యం మీద వేలు పెట్టి "బిల్కుల్ సహీ" అని కూడా అన్నాడు. 'ఖాళీ' తప్పు, 'సూపర్‌వైజర్' కూడా తప్పే, జరిగింది ఇదీ అని మేమిద్దరం విడిగా ఒప్పుకోలు రాసి జత చేశాం. ఆ ఉప్మాని అధికారి ఎవరో గంభీరంగా చదివే ఉంటారు. మరే ప్రశ్నా రాలేదు. ఒక వానాకాలం వీసాలు వచ్చాయి.

కెనడా వచ్చాక అయిదు నెలలు నాకు పని దొరకలేదు. నా కాగితాల్లో మళ్లీ గ్యాప్. చివరికి ఒక హోటల్ రిసెప్షన్ ఇంటర్వ్యూలో ఒకావిడ ఫైలు తిరగేస్తూ, మీ పాత యజమానులెవరైనా మిమ్మల్ని మళ్లీ తీసుకుంటారా అని అడిగింది. కౌంటర్లో నిలబడలేనని బండి వెనక దాక్కున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, కళ్లూ చెమ్మగిల్లాయి.

"ఒకరున్నారండీ. ఎప్పుడు వెళ్లినా తీసుకుంటారు" అన్నాను. ఉప్మా సంగతి మాత్రం, ఆవిడ అడగలేదు కాబట్టి, చెప్పలేదు.